పై గడప, కింది గడప

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆఫీసుకు పూలు ఇచ్చే అక్క. బజారు వీధి మలుపులో గోనెపట్టా పరుచుకుని మల్లెలు కట్టేది. ఎండ ఎక్కేలోపు లేచి చుట్టుపక్కల ఇళ్ళకూ అంగళ్ళకూ మూరలు ఇచ్చి వచ్చేది. మా గోడ మీది వినాయకుడి పటానికీ ఆమె పూలే. ఆ పొద్దు పటానికి పూలు పెట్టి, రోజూలా వెళ్ళిపోకుండా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“పాపా, తొట్టికట్టు ఇంటోళ్ళకు కుదరదని చెప్పేసినారంట. అవ్వ నిన్నటినుంచీ మెతుకు ముట్టలేదు” అంది.

నా చేతిలో పెన్ను ట్రేసింగు కాగితం మీద ఆగిపోయింది. ఆగినచోట సిరా ఉబ్బి చుక్క అయింది. ఆ చుక్కను తర్వాత బ్లేడుతో గీకి తీశాను గానీ, ఆ మాట మాత్రం నాలో అలాగే నిలిచిపోయింది. కుదరదని చెప్పినవాళ్ళు ఏ నక్షా చూసి ఆ మాట చెప్పారో, ఆ నక్షా వెళ్ళింది మా ఆఫీసునుంచే.

ఇప్పుడు కంప్యూటరు తెర మీద గీతలు గీసే పిల్లలు ఇది చదువుతుంటే, మా గది ఎలా ఉండేదో వాళ్ళకు కొంచెం చెప్పాలి. తమిళనాడులోని ధర్మపురిలో, బజారుకు దగ్గరగా, మేడ మీద ఒక పొడుగాటి గది. ఉత్తరం వైపు కిటికీలు. కిటికీల పక్కన వాలుగా రెండు బల్లలు, ఒకటి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ది, ఒకటి నాది. ట్రేసింగు కాగితం పరిచి కింద ఉన్న నక్షాను చూస్తే, మార్గశిర మాసంలో మంచులోనుంచి ఊరు కనిపించినట్టు ఉండేది. ఆ మంచు మీద నల్లగీతలు గీస్తూ పోవడమే నా ఉద్యోగం. మూల గదిలో ప్రింట్లు తీసే చోటునుంచి అమోనియా వాసన వచ్చేది. కొత్తవాళ్ళకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నాకు మాత్రం ఆ వాసన వస్తే ఈ రోజు పని అయింది, దేవుడి దయ, అనిపించేది.

నేను బడికి పోయిన మనిషిని కాను. మహేంద్రమంగళం పక్కన మా పల్లెలో, చిన్నప్పుడు పట్టుకున్న జబ్బు వల్ల చాలా ఏళ్ళు మంచం మీదే గడిచాయి. నాన్న సాయంత్రం చేనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ వెలుతురులోనే నాకు తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. మా చుట్టాల్లో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, చదవగలిగిన ఇల్లు మాత్రం అరుదు. తమిళం అమ్మ చెప్పింది. గీతలు మా మామ నేర్పాడు. ఆయన సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడు. జబ్బు తగ్గాక ఇంటినుంచే పరీక్షలు రాశాను. మామ మాట మీద ఇంజినీరు సార్ నన్ను పనిలో పెట్టుకున్నారు. ఇలా నన్ను నిలబెట్టినవాళ్ళందరికీ పొద్దున లేవగానే మనసులో దండం పెట్టుకుంటాను. అది ఇప్పటికీ మానలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మా బజారు వీధిలో మిగిలిన పాత ఇళ్ళు కొన్నింటిని కాపాడాల్సిన కట్టడాలని గుర్తించారు. వాటి ముందు భాగంలో ఏది మార్చాలన్నా, ఉన్నది ఉన్నట్టు ఒక నక్షా, మార్చబోయేది ఇంకో నక్షా గీయించి కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు చూసి ఒప్పుకుంటేనే పని మొదలు. ఊళ్ళో చాలామందికి ఇది తలనొప్పి. మాకు అన్నం పెట్టే పని.

తొట్టికట్టు ఇల్లంటే, నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ రాతి స్తంభాల వసారా, వీధివైపు తిన్నెలు, వాటి మధ్య పెద్ద టేకు తలుపు. ఎన్నో తరాలుగా తెలుగు వ్యాపారులది ఆ ఇల్లు. అప్పటి యజమాని బజారులో పప్పులూ ఎండుమిరపకాయలూ అమ్మేవాడు. ఆయన తల్లే అవ్వ.

అవ్వ పెరట్లో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక స్టీలు నడక చట్రం పట్టుకుని ఇల్లంతా తిరిగేది గానీ, కాలు జానెడు ఎత్తుకు మించి లేవదు. ఆ ఇంటి గడపేమో అంతకు రెండింతలు. పీట వేసుకుని గడప మీద కాలు మోపి దిగితే దాటవచ్చు. కానీ ఎవరు మోపుతారు? ఆ ఇంటికి కోడలిగా వచ్చిననాటినుంచి తాను పసుపు రాసి బొట్టు పెట్టిన గడప అది. భర్త పోయాక చుట్టాలు ఇక నువ్వు ఆ పని మానుకో అంటే, “నాకు పూసుకునే యోగం పోయింది గానీ గడపకు పూసే యోగం పోలేదు” అని నోళ్ళు మూయించిందట. అలాంటి మనిషి దాని మీద కాలు పెట్టదు. పెరటి సందులోనుంచి తీసుకుపోతామంటే దొంగ మాదిరి నేను పోనంది. అట్లా పడిపోయిననాటినుంచీ ఆమె వీధి మొహం చూడలేదు. ఏటా ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, పద్దెనిమిదో నాడు హొగేనక్కల్ పోయి కావేరికి పూలు వేసి వచ్చే మనిషి, ఆ ఏడు ఇంట్లోనే చెంబు నీళ్ళలో పూలు వేసుకుంది. వచ్చే ఆడికైనా నా కాళ్ళతో నా వాకిట్లోనుంచి పోవాలన్నది ఆమె కోరిక. వేరే ఏమీ అడగలేదు.

కొడుకు ఆ కోరికకు తన కోరిక ఒకటి జత చేశాడు. గడప తీసేటప్పుడే తలుపూ ద్వారబంధమూ తీసేసి, ముందు భాగంలో షట్టరు పెట్టి గోడౌను చేసుకోవాలని. రెండూ కలిపి మాతో నక్షా గీయించాడు. కమిటీ రెండూ కుదరదంది. చెక్కడపు తలుపూ, ఏకరాతి గడపా ఆ ఇంటి మూలరూపంలో భాగమనీ, వాటిని కదల్చకూడదనీ రాసింది.

ఏకరాతి గడప అన్న మాట మా నక్షాలోనుంచి పోయిందే.

ఆ మధ్యాహ్నమే అవ్వ కొడుకు మా మెట్లెక్కి వచ్చాడు. చెమట తుడుచుకోకుండానే ఇంజినీరు సార్ ముందు నిలబడ్డాడు.

“ఒక్క మాట అడుగుతా సార్. మీ కమిటీకి రాయి పెద్దదా, మా అమ్మ పెద్దదా?”

సార్ జవాబు చెప్పేలోపు పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అన్న బల్ల మీదనుంచి తల ఎత్తకుండానే, “రాయే” అన్నాడు. ఆయన తమిళుడు. మాతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చుకున్నాడు. “రాయిని ఎత్తేదానికి నలుగురు కావాల. అమ్మను ఇద్దరు చాలు. ఎత్తుకొని వండిలో కూర్చోపెట్టేది విట్టుట్టు ఇక్కడ ఏమి సండ?” అమ్మను బండెక్కించడం మాని ఇక్కడ జగడమేమిటని.

కొడుక్కి కోపంలోనూ నవ్వొచ్చింది. “ఎత్తనిస్తే గదా అన్నా. నన్ను ఎత్తుకొని గడప దాటించేది ఒక్కసారే, ఆ పొద్దు మీ ఇష్టప్రకారం చేసుకోండి, అంతవరకూ ముట్టుకోవద్దు అంటుంది. అన్నం పెడితే తట్ట తోసేస్తా ఉండాది. ఆదివారం నేనే గడ్డపార తీసుకొని ఆ రాయిని పెరికేస్తా. కేసు పెట్టుకోనీ.”

సార్ ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తొందరపడి పెరికితే ద్వారబంధం ఒరుగుతుందనీ, కేసు సంగతి తర్వాత, ముందు తలుపు మీద పడుతుందనీ చెప్పారు. మళ్ళీ అర్జీ పెట్టాలంటే కొత్త సంగతి ఏదైనా ఉండాలి, ఉన్నదాన్నే తిప్పి రాస్తే వినరు అన్నారు. కొడుకు వెళ్ళిపోయాడు. ఫ్యాను గాలికి నా కాగితం అంచు లేచి పడుతూ ఉంది.

నేను ఉన్నది ఉన్నట్టు నక్షాను బయటికి తీసి చూస్తూ కూర్చున్నాను. స్తంభాలు, తిన్నెలు, తలుపు మీది తీగలు, అన్నీ ఉన్నాయి. అన్నింటి పక్కనా కొలతలున్నాయి. గడప దగ్గర మాత్రం ఒక ఖాళీ పెట్టె. పక్కన ఏకరాయి అని రాసి ఉంది.

“సార్, మనం గడపను కొలవలేదు” అన్నాను.

అన్న గిర్రున తిరిగాడు. ఇద్దరికీ ఒక్కసారే ఆ రోజు గుర్తొచ్చింది. మేం కొలతలకు పోయింది శుక్రవారం పొద్దున. అప్పుడే గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, రెండు చివర్లా పూలు ఉంచారు. టేపు పట్టుకుని అన్న బయట, నేను లోపల. ద్వారబంధం ఎత్తు బయటి నేలనుంచి తీసుకున్నాం, లోపలి నేలనుంచి తీసుకున్నాం. గడప దగ్గరికి వచ్చేసరికి అన్న టేపు చుట్టేసి, లెంపలేసుకుని, ఒక్క అంగలో ఇవతలికి వచ్చేశాడు. నేను కూడా ఏమీ అనలేదు. ఆ తడి పసుపు మీద ఇనుప టేపు పెట్టాలని ఎవరికి తోస్తుంది? పైన ఎర్ర పెయింటు నున్నగా ఉంది, కాబట్టి ఒక్కటే రాయి. కమిటీ తరఫున చూడవచ్చినాయన కూడా చెప్పులు విడిచి, దండం పెట్టి, దాటి లోపలికి పోయాడట. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరైనా అలాగే చేస్తారు. తప్పు ఎవరిదని వెతికితే అందరి భక్తీ బయటపడుతుంది. సార్ ఆ మాట విని చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక, ఈసారి శుక్రవారం కాకుండా చూసుకుని పొమ్మన్నారు.

బుధవారం పోయాను, ఒక్కదాన్నే. మిట్టమధ్యాహ్నం. వీధి అంతా నిద్రలో ఉన్నట్టుంది. గడప దాటి లోపలికి పోతే, తొట్టిలోనుంచి దిగిన ఎండ నేల మీద చదరంగా పరుచుకుని ఉంది. ఆ చదరం చుట్టూ చీకటి చల్లగా ఉంది. ఎండలో ధూళి కదులుతోంది, పైకీ కాదు, కిందికీ కాదు. ఆ ఇంట్లో కాలం కూడా అలాగే ఉండేదనిపిస్తుంది నాకు. అవ్వ స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుని ఉంది. పక్కన నడక చట్రం, దానికి ఆరేసిన తువ్వాలు. కోడలు లోపల తిరగలి దగ్గర ఉంది.

నేను వచ్చిన పని చెప్పాను. “అవ్వా, గడప మీద టేపు పెట్టి కొలుచుకుంటా. తప్పయితే ఓర్చుకోమని మీరే దానికి ఒక మాట చెప్పండి” అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది.

“దేనికి చెప్పాల పాపా? పైదానికా, కిందిదానికా?”

తిండి మానేసిన మనిషి, ఏదో మగతలో అంటోందనుకున్నాను. “రెండుండాయా అవ్వా?” అన్నాను, మాట తప్పించకూడదని.

“ఉండాయి. నేను మెట్టినప్పుడు ఉండింది ఒకటి. రోడ్డు ఎత్తు చేసినాంక వాననీళ్ళు లోపలికొస్తా ఉంటే మా మామ పెట్టించింది ఒకటి.” చెయ్యి చాపి గాలిలో ఒకదాని మీద ఒకటి రెండు గీతలు గీసింది. “పైదాన్ని సున్నం వేసి పెట్టలేదు. ఇసకమీద పెట్టినాడు కొత్తనారు. నాకు చెప్పే పెట్టినాడు.” కొత్తనారంటే తమిళంలో తాపీమేస్త్రీ.

మీ అబ్బాయికి ఈ సంగతి తెలియదా అని అడిగాను.

“వాడు ఆ రాయి పెట్టినాంక పుట్టినోడు. వానికి అది ఒకటే రాయి. నాకూ మరుపొచ్చింది పాపా. దినామూ పూసి పూసి నాకే అది ఒకటైపోయింది. కొడుకు కాలెట్లుండాది అంటాడు. డాక్టరు కాలెట్లుండాది అంటాడు. ఆ రాతిని గురించి నన్నెవురడిగినారు? నువ్వడిగితివి, గుర్తొచ్చింది.”

కోడలు చింతపండూ తడిగుడ్డా తెచ్చింది. అవ్వ కూర్చున్నచోటునుంచే ఎక్కడ రుద్దాలో చెప్పింది, లోపలివైపు, ఎడమ చేతి మూల. నేను నేల మీద కూర్చుని, ముందు నా ఇష్టదైవాన్ని తలచుకుని రుద్దడం మొదలుపెట్టాను. బ్లేడుతో గీకితే ఎర్ర పెయింటు పొర లేచింది. దాని కింద ఇంకో పెయింటు. దాని కింద ఏళ్ళ తరబడి నూనె, పసుపు కలిసి గట్టిపడిన జిగురు. అది మెల్లగా కరిగి నా వేళ్ళంతా పచ్చగా అయ్యాయి. ఆ వాసన ఇప్పుడు తలచుకున్నా వస్తుంది, ఎన్నో శుక్రవారాలు ఒకేచోట కలిసినట్టు. చివరికి వెంట్రుకంత సన్నంగా ఒక గీత కనిపించింది. గోరు పెడితే దిగింది. గోటితోపాటు నాలుగు ఇసుక రేణువులు బయటికొచ్చాయి.

వాటిని అరచేతిలో పెట్టి అవ్వకు చూపించాను. ఆమె వాటిని చూసి, “అమ్మీ, నాకు రవంత మజ్జిగన్నం కలపవే” అని కోడల్ని పిలిచింది. ఆ మాటకు కోడలు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తల వంచుకుని టేపు చుట్టుకున్నాను.

ఆఫీసుకు వచ్చి చెప్పగానే అన్న తన బల్ల మీద నక్షా విప్పి, తలుపు అడుగుభాగం మీద వేలు పెట్టాడు. తలుపు చుట్టూ పూలతీగ చెక్కి ఉంది. మూడు వైపులా పువ్వు నిండుగా ఉంటుంది, అడుగున మాత్రం సగమే. అది నేనే ఉన్నది ఉన్నట్టు గీశాను. వడ్రంగి అలా చేశాడేమిటో అనుకుని ఊరుకున్నాను. సగం పువ్వు చెక్కే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా, పైరాయి పెట్టినప్పుడు తలుపు అడుగు కోసేశారు, అందుకే మిగతా సగం లేదు అన్నాడు అన్న. ఇంతకాలం ఆ సగం పూలు మా ఇద్దరి కళ్ళముందే ఉన్నాయి. ఆ రోజు మేం ఇద్దరం పిల్లల్లా ఎగిరి, టీ తెప్పించుకుని తాగాం.

పైరాయి తర్వాత వచ్చింది, దాన్ని మాత్రం తీయనివ్వండి అని సార్ కొత్త అర్జీ పెట్టారు. కొడుక్కి నచ్చజెప్పి షట్టరు మాట అందులోనుంచి తీయించారు. ఆడి నెల దగ్గరపడుతోంది. పూల అక్క రోజూ పటానికి పూలు పెట్టి, ఏమైంది అన్నట్టు నావైపు చూసి వెళ్ళేది. ఏమీ కాలేదన్నట్టు నేను తల ఊపేదాన్ని. దేవుడి దగ్గర పెద్దగా ఏమీ అడిగే అలవాటు లేదు నాకు. ఆ రోజుల్లో మాత్రం అడిగాను.

ఒక పొద్దున కమిటీవాళ్ళు ఇంటికే వచ్చారు. అందులో మద్రాసునుంచి వచ్చిన ఒక మేడం ఉంది, పాత కట్టడాల మీద చదువుకున్న మనిషి. నూలు చీర, జుట్టు ముడి, చేతిలో చిన్న టార్చి. ఆమె కూడా చెప్పులు విడిచే లోపలికి వచ్చింది. గడప పక్కన నేల మీద కూర్చుని, నేను రుద్దినచోట టార్చి వేసి చూసింది. తర్వాత తలుపు అడుగున సగం పూలను ఒక్కొక్కటే వేలితో తడిమింది. అవ్వ దగ్గరికి పోయి తమిళంలో ఏవో అడిగింది. అవ్వ సగం తమిళం, సగం తెలుగులో చెప్పింది. అంతా విన్నాక మేడం, గుర్తులు బాగానే ఉన్నాయి గానీ కింద నిజంగా పాత గడప చెక్కు చెదరకుండా ఉందని కంటితో చూడకుండా ఒప్పుకోలేను అంది. న్యాయమే. కింద ఏమీ లేకపోతే మూలరూపం పోగొట్టినవాళ్ళం మేమే అవుతాం. సార్ ముందుచూపుతో మేస్త్రీలను పిలిపించి ఉంచారు. ద్వారబంధానికి రెండువైపులా ఊతకర్రలు కట్టారు.

ఒక చివర మాత్రమే, నాలుగు వేళ్ళు ఎత్తు లేపడానికి ఒప్పుకున్నారు. కొడుకు తమ పూజగదినుంచి కర్పూరం తెచ్చి వెలిగించాడు. గడ్డపార కింద గోనెసంచి మడిచి పెట్టి, మేస్త్రీ మెల్లగా అదిమాడు.

రాయి కదిలింది. కింద అంచునుంచి ఇసుక సన్నటి ధారగా జారడం మొదలైంది. అంతమంది ఉన్నా ఆ ఇసుక జారే చప్పుడు వినిపించింది. మేడం టార్చి లోపలికి వేసి, చెంప నేలకు ఆనించి చూసింది. చాలాసేపు అలాగే ఉండి, తర్వాత నన్ను పిలిచి చూడమంది. ఆ మర్యాద మరిచిపోలేను.

లోపల నల్లటి నున్నటి రాయి. నడిమధ్య కొంచెం గుంటపడి ఉంది, వాడగా వాడగా సానరాయి అరిగినట్టు.

“ఇది కాళ్ళ అరుగుదల” అంది మేడం. అంటే ఆ ఇంట్లో ముందు తరాలవాళ్ళు గడపను తొక్కుకుంటూనే తిరిగారు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ సంగతి అవ్వకు ఎవరు చెప్పాలి? కొడుకే దగ్గరికి పోయి చెవిలో చెప్పాడు.

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది. “మా మామే తొక్కింటాడు. నన్ను మాత్రం తొక్కితే కాళ్ళు విరిగిపోతాయి అనె.”

ఇది కట్టడాన్ని మార్చడం కాదు, మధ్యలో వచ్చినదాన్ని తీసి ముందున్నట్టు చేయడం అని మేడం అక్కడే కమిటీవాళ్ళతో అంది. షట్టరు గురించి అడగవద్దని కొడుకును చూసి నవ్వుతూనే చెప్పింది. “సరి, షట్టరు పోయింది, అమ్మ గెలిచింది” అన్నాడాయన. అన్నాడు గానీ, ఆ తర్వాత ఎంతో కాలం ఆ షట్టరు మాట మా దగ్గర ఎత్తుతూనే ఉన్నాడు.

పై రాయి తీశాక తలుపు కింద సందు వచ్చింది. కోసేసిన సగం పూలు మళ్ళీ చెక్కించి అతికిద్దామని కొడుకు అన్నాడు. మేడం వద్దంది. సాదా చెక్క ఒకటి వేయండి, ఇది తర్వాత వేసిందని చూసినవాళ్ళకు తెలియాలి అంది. కాపాడడమంటే కొత్తదాన్ని పాతదిలా వేషం వేయించడం కాదని నాకు అర్థమైంది ఆ పొద్దే. నక్షాలు గీసే పిల్లలకు నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఇదొక్కటే. వీధి అంచున కాలువ తవ్వి ఉండడంతో వాననీళ్ళ భయమూ అప్పటికి తగ్గింది.

తీసిన రాయితో ఇంకో చిక్కు వచ్చింది. అది ఇన్నాళ్ళు గడపగా పూజ అందుకున్న రాయి. మెట్టుగా వేస్తే తొక్కాలి, తిన్నె మీద వేస్తే కూర్చోవాలి, బయట పారేస్తే కుక్కలు. అందరూ తలా ఒకటి చెప్పి తలా ఒకటి కొట్టేశారు. అన్న దాన్ని కమిటీవాళ్ళ ఆఫీసుకే పంపించి మూలరూపంలో పెట్టుకోమందామన్నాడు. చివరికి తొట్టిలో తులసి పక్కన, ఎవరి కాలూ తగలని చోట ఉంచారు.

ఆడి పద్దెనిమిదో నాటికి అన్నీ అయ్యాయి. ఆ పొద్దున నేనూ పోయాను. వాకిట్లో కారు ఆగి ఉంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు ఎక్కించారు. పూల అక్క కావేరికని పెద్ద పొట్లం తెచ్చి ఇచ్చి, పోకుండా తిన్నె పక్కనే నిలబడింది. కింది గడపకు తడి పసుపు పూసి ఉంది. గుంటలో పసుపు కొంచెం ఎక్కువ నిలిచింది.

అవ్వ చట్రాన్ని గడప అవతల పెట్టింది. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవద్దంది. కుడికాలు లేచింది, జానెడే. గాలిలో ఒక క్షణం ఆగింది. అవతల దిగింది. తర్వాత రెండోది. పసుపు చెదరలేదు. ఆమె వెనక్కి తిరిగి గడపను చూసుకుని, వీధి వైపు తిరిగి, పొద్దుటెండలో కళ్ళు చిట్లించి నిలబడింది.

“తిన్నె మీద కూర్చోపెట్టండిరా నన్ను” అంది.

కారు ఉందమ్మా, ఎండెక్కుతుంది అన్నాడు కొడుకు.

“కావేరి యాడికి పోతుంది? మధ్యాహ్నం పోదాం. ముందు వీధిని చూడనీ.”

తిన్నె మీద కూర్చుంది. ఎదురంగడివాళ్ళు లేచి వచ్చారు. టౌను బస్సు కండక్టరు మెట్టు మీదనుంచి చెయ్యి ఊపాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.  తర్వాత, వీధినే చూస్తూ, తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది.

ఆ రాయి పెట్టినప్పుడు ఆమె కడుపుతో ఉంది, కారు దగ్గర నిలబడ్డ ఈ కొడుకే. కొత్తనారు రాయిని దించి, మామగారితో, ఇంత ఎత్తు గడప కడుపుతో ఉన్న ఈయమ్మ ఎట్లా దాటుతుంది సామీ అన్నాడట. నీళ్ళు లోపలికొస్తే నువ్వు తోడతావా అని మామగారు కసిరాడు. కొత్తనారు తన పని చూసుకున్నాడు. మధ్యాహ్నం ఆమె మజ్జిగ తెచ్చి పెట్టినప్పుడు తల వంచుకునే చెప్పాడట.

“కింద సున్నం వేయలేదమ్మా, ఇసకే పోసినా, బయట చూసే కండ్లకు మాత్రం సున్నం పూసినా, నీకెప్పుడైనా కష్టమయితే తీయించుకో అనె” అంది అవ్వ. “అప్పుడు కష్టం కాలేదు పాపా. వయసులో ఉంటి. ఇప్పటికి పనికొచ్చె ఆ మాట.”

ఆయన పేరేమిటని అడిగాను.

“కొత్తనారు పేరు కోడలు అడిగే కాలమా అది? కన్నడం యాసలో మాట్లాడినాడు. ఏ ఊరో తెలీదు. మజ్జిగ తాగి, చెంబు కడిగి పెట్టి పోయినాడు, అంతే.” కొంచెం ఆగి, “పేరు లేకపోతే ఏమి, నువ్వు తలుచుకో” అంది.

ఆ మధ్యాహ్నం ఆమె హొగేనక్కల్ పోయి కావేరికి పూలు వేసి వచ్చింది. ఆ తర్వాత ఇంకా కొన్ని ఆడి నెలలు తన కాళ్ళతోనే ఆ గడప దాటింది. ఒక్కసారి మాత్రం ఎత్తుకుని దాటించారు, ఆ పొద్దు మా ఇష్టప్రకారమే. ఇప్పుడు మా ఊరికి కావేరి కుళాయిలోనే వస్తుంది. బిందె పట్టినప్పుడల్లా ఆమె గుర్తుకొస్తుంది. నేను ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, చేతికి ఆ పసుపు వాసన మాత్రం ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

అవ్వ నాకు అప్పగించినదాన్ని మీకు అప్పగిస్తున్నాను. ఎవరింటి గడపైనా కాలెత్తి దాటేటప్పుడు ఆ కొత్తనారును ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కరలేదు. మజ్జిగ తాగి, చెంబు కడిగి బోర్లించి పోయిన మనిషి అనుకుంటే చాలు.